కార్బురేటర్ విప్పే ముందు ఒక గాజు సీసా తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పాఠకుల పేజీలో ఒకాయన, ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటర్ క్లీనింగ్‌కి మెకానిక్‌కి డబ్బులివ్వడం దండగ, ఒక స్ప్రే డబ్బా, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు అని రాశారు. ఆ పక్కనే ఇంకొకావిడ, అలాగే విప్పి మా అబ్బాయి బండి పాడు చేసుకున్నాడు, తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి అన్నారు. ఇద్దరూ అనుభవం మీదే రాశారు కాబట్టి ఇద్దరినీ కాదనను. కానీ మనమా, మెకానిక్కా అనేది రెండో ప్రశ్న అండీ. అసలు ఆ మురికి ఎక్కడి నుంచి వచ్చింది అనేది మొదటిది. అది తేలకుండా ఎవరు విప్పినా, ఎంత శుభ్రంగా కడిగినా, కొన్నాళ్లకి బండి మళ్లీ అలాగే మొరాయిస్తుంది.

నేను చెన్నైలో, రైలు పెట్టెలు తయారుచేసే పెరంబూర్ ఐసీఎఫ్‌లో మెషీన్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది అయనావరంలో. చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి, బండి మొరాయిస్తే ముందు మా గేటు దగ్గరికే తోసుకొస్తారు. నేను మెకానిక్‌ని కాను. ఇనుము, ఇత్తడి, మరలు, కొలతలు ఇవి తెలుసు, అంతే. ఆ మాత్రం తెలిసినందుకే ఏది మనం ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో చెప్పగలను అనుకుంటున్నాను.

ఇంకోటి ముందే చెప్పేస్తాను. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ నియంత్రణ నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాత తయారైన బళ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ (పెట్రోలుని కొలిచి చిమ్మే ఏర్పాటు) పెట్టేశారు. మీది అలాంటి బండి అయితే ఈ గోలంతా మీకు అక్కర్లేదు. కానీ మా వీధిలో చూస్తే పాత స్ప్లెండర్లు, టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లు, పల్సర్లు, ఎన్‌ఫీల్డ్‌లు ఇంకా బోలెడన్ని తిరుగుతున్నాయి, పాలు వేసేవాళ్లు, పూలు తెచ్చేవాళ్లు, ఇస్త్రీ బట్టలు మోసేవాళ్లు అందరూ వాటి మీదే బతుకుతున్నారు.

కార్బురేటర్‌లో పెద్ద మాయ ఏమీ లేదు. అడుగున చిన్న గిన్నె, అందులో ఫ్లోట్ తేలుతుంటుంది. పెట్రోలు కావలసినంత నిండగానే ఫ్లోట్ లేచి, పెట్రోలు వచ్చే దారిలోని సూదిలాంటి నీడిల్ వాల్వ్‌ని మూసేస్తుంది. ఇంజిన్ గాలిని లాగినప్పుడు ఆ గాలి ఇరుకైన గొట్టంలో వేగంగా పోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, గిన్నెలోని పెట్రోలు జెట్ల (సన్నటి రంధ్రమున్న ఇత్తడి మరల) గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. స్లోలో నడిపించేది పైలట్ జెట్, వేగం పెంచినప్పుడు మెయిన్ జెట్. ఈ పైలట్ జెట్ రంధ్రం చాలా బళ్లలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. మనకు మురికి అనిపించని మురికి కూడా దానికి చాలు. అందుకే బండి చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే మీట) లాగితేనే స్టార్ట్ అయి, చోక్ వదలగానే ఆగిపోతుంటే, సిగ్నల్ దగ్గర స్లోలో నిలబడకపోతే, చాలాసార్లు ఆ పైలట్ జెట్టే కారణం. స్లోలో బాగానే ఉండి, పూర్తిగా రేజ్ చేస్తే మాత్రం తడబడుతుంటే మెయిన్ జెట్ వైపు చూడాలి. కింద పైపు లోంచి పెట్రోలు కారుతుంటే నీడిల్ వాల్వ్ దగ్గర ఏదో అడ్డుపడింది, లేదా అది అరిగిపోయింది.

అయితే బండి మొరాయించినప్పుడల్లా నేరం కార్బురేటర్ మీదకే పోతుంది, అదే నాకు కోపం. పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే బండి ఉందనుకోండి, ట్యాంకు మూత తీయగానే బుస్సుమని శబ్దం వచ్చి మళ్లీ స్టార్ట్ అయిందంటే, మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. ట్యాంకులోకి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. దానికి కార్బురేటర్ విప్పి ఏం లాభం? ప్లగ్గు నల్లగా మసిపట్టి, మైలేజీ పడిపోయి, వెనక పొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. మా పక్క వీధి కుర్రాడి బండికి ఒక వర్క్‌షాపులో "కార్బురేటర్ పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అన్నారు. వాడు డబ్బుల్లేక వాయిదా వేశాడు కాబట్టి సరిపోయింది, చివరికి చూస్తే ఫిల్టర్ దుమ్ముతో కరడు కట్టి ఉంది.

ఇప్పుడు గాజు సీసా సంగతి. బండి చల్లారాక, ఆరుబయట, కార్బురేటర్ గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని పూర్తిగా ఊడదీయకుండా కొద్దిగా వదులు చేయండి. కింది పైపు చివర ఒక శుభ్రమైన చిన్న గాజు సీసా పెట్టండి. ప్లాస్టిక్ గ్లాసు వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు పెట్రోలుకి మెత్తబడతాయి, పైగా లోపల ఏముందో కనబడదు. గిన్నెలో ఉన్నదంతా సీసాలోకి వచ్చాక స్క్రూ బిగించి, సీసాని కదపకుండా కాసేపు పక్కన పెట్టి వెలుతురులో చూడండి. ఈ పని పెద్దవాళ్లు ఎవరైనా చేయొచ్చు, మెకానిక్ అక్కర్లేదు, ఏ భాగమూ చేతిలోకి ఊడి రాదు.

సీసాలో పెట్రోలు, దాని అడుగున వేరే పొర ఒకటి గీత గీసినట్టు కనిపిస్తే నీళ్లు చేరాయి. మన ఊళ్లో ఇది మామూలే. 2015 డిసెంబరు వరదల తర్వాత, మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు బళ్లు సీటు దాకా మునిగాయి. అంత జరగకపోయినా, ఎండకూ వానకూ బయట నిలబెట్టిన బండికి మూత రబ్బరు పాతబడితే చాలు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి నీటిని తనలో కలుపుకునే ఉంచుతుంది, హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులో పెట్రోలు బయటికి వచ్చేదీ ఆ అడుగునుంచే కదా. ఇక నెలల తరబడి కదపని బండిలో నీళ్లు లేకపోయినా పెట్రోల్లోని తేలిక భాగం ఆవిరైపోయి మిగతాది జిగటగా జెట్లకు పట్టుకుంటుంది. సీసాలో రంగు ముదిరి, ఘాటైన పుల్లటి వాసన వస్తే అది ముసలి పెట్రోలు.

ఈ రెండు రకాల్లోనూ, అంటే నీళ్లు గానీ పాత పెట్రోలు గానీ అయితే, నేను మాత్రం మీరే చేసుకోండి అంటాను. ట్యాంకులోది మొత్తం దించేసి కొత్త పెట్రోలు కొద్దిగా పోసి, గిన్నె ఇంకొకసారి ఖాళీ చేసి, స్టార్ట్ చేసి చూడండి. చాలా బళ్లు అక్కడితో దారికొచ్చేస్తాయి, కార్బురేటర్ విప్పాల్సిన పనే పడదు.

సీసా అడుగున ఎర్రటి పొడి, ఇసుకలాంటి రేణువులు కనిపిస్తే కథ వేరు. అది ట్యాంకు తుప్పు. జెట్లు ఎన్నిసార్లు ఊదినా ట్యాంకులోంచి కొత్త తుప్పు దిగుతూనే ఉంటుంది. జ్వరానికి మాత్ర వేసి దోమల గుంటని వదిలేసినట్టు. ట్యాంకు దించి కడగాలి, పెట్రోల్ ట్యాప్‌లో ఉండే జల్లెడ చూడాలి, పైపు మార్చాలి, అవసరమైతే మధ్యలో చిన్న ఫిల్టర్ వేయాలి. ఇది ఒక పూట పని, చేతుల మీదా నేల మీదా పెట్రోలు చిందే పని, ఖాళీ చేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ఇది మెకానిక్‌కే ఇవ్వండి. కానీ ఇచ్చేటప్పుడు "కార్బురేటర్ క్లీన్ చేయండి" అని కాదు, "ట్యాంకు కడిగి, ట్యాప్ చూసి, ఆ తర్వాత కార్బురేటర్ క్లీన్ చేయండి" అని చెప్పండి. ఆ సీసా కూడా చూపించండి, వాదనే ఉండదు. తెల్లటి పొడి, సున్నంలాంటి పొరలు వస్తే కార్బురేటర్ లోహాన్నే నీళ్లు తినేశాయని అర్థం, అప్పుడు కడగడం కంటే మార్చడమే చవక కావచ్చు, అది విప్పి చూసినవాళ్లే చెప్పాలి.

ట్యాప్ తెరిచి ఉన్నా పెట్రోలు అసలు రాకపోతేనో, చుక్కలు చుక్కలుగా వస్తేనో ట్యాప్ దగ్గర అడ్డం ఉంది. ఇక్కడ స్కూటరు వాళ్లకి ఒక హెచ్చరిక. కొన్ని స్కూటర్లలో ట్యాప్ వాక్యూమ్‌తో తెరుచుకుంటుంది, ఇంజిన్ తిరిగితేనే పెట్రోలు దిగుతుంది. గిన్నెలో ఉన్నది వచ్చేసి ఆగిపోతే కంగారు పడి అది కూడా విప్పేయకండి.

సరే, సీసాలో పెట్రోలు బాగానే ఉంది, ట్యాప్ బాగుంది, ఫిల్టర్, ప్లగ్గు బాగున్నాయి, అయినా చోక్ లేకుండా నిలబడటం లేదు. అప్పుడు విప్పాల్సిందే. ఎవరు విప్పాలి? బండి స్ప్లెండర్ లాంటిదో, ఎక్స్‌ఎల్ లాంటిదో అయితే, మీ దగ్గర సరైన పనిముట్లు ఉంటే, ఒక ఆదివారం పూట తీరిక ఉంటే మీరే విప్పొచ్చు. సరైన పనిముట్లు అన్నది ఊరికే అనడం లేదు. జపాన్ డిజైన్ కార్బురేటర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలు మన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు, వాటి గాడి కోణం వేరు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) అని అడిగితే ఇస్తారు. మామూలుది పెట్టి బలంగా తిప్పితే తల చెరిగిపోయి గుండ్రం అవుతుంది, ఇక ఆ స్క్రూ తీయడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. అలాగే జెట్లు ఇత్తడివి, మెత్తటివి. గాడికి నిండుగా సరిపోయే బ్లేడు లేకపోతే అంచులు చిట్లుతాయి.

స్లోలో గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ తీసేముందు ఒక పని తప్పకుండా చేయాలి. మెల్లగా లోపలికి తిప్పుతూ, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. బిగించేటప్పుడు అన్నే చుట్లు బయటికి. అడుగు తగిలాక బలం పెడితే స్క్రూ మొన గాడి పడుతుంది, ఆ తర్వాత ఎన్నాళ్లు ట్యూనింగ్ చేసినా స్లో నిలబడదు. విప్పిన ప్రతిదాన్నీ విప్పిన వరుసలోనే తెల్ల గుడ్డ మీద పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. జెట్ రంధ్రంలో సూది, పిన్నీసు, గుండుసూది పెట్టకండి. ఆ రంధ్రం కొలతే దాని పని. ఉక్కు తగిలి కాస్త పెద్దదైనా పెట్రోలు ఎక్కువ పోతుంది, జీవితాంతం పోతుంది, మైలేజీ ఎందుకు పడిందో మీకు అర్థం కాదు. స్ప్రే కొట్టి, నానబెట్టి, గాలితో ఊదాలి. అంతకీ రాకపోతే నైలాన్ దారం పోగు. స్ప్రే కొట్టేముందు రబ్బరు ఓ-రింగులన్నీ తీసి పక్కన పెట్టండి, కొన్ని ద్రావకాలకి అవి ఉబ్బిపోతాయి. కళ్లద్దాలు పెట్టుకోండి, చిన్న రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకే వస్తుంది.

పాత ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కొన్ని పల్సర్లు, ఇలాంటి వాటిలో పైన డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర ఉంటుంది. దాన్ని వంకరగా కూర్చోబెట్టి మూత బిగిస్తే నలిగి చిరుగుతుంది, బండికి పికప్ ఉండదు, చిరుగు మాత్రం కంటికి కనబడదు. మొదటిసారి విప్పేవాళ్లు ఇలాంటివాటితో మొదలు పెట్టొద్దు. స్కూటర్లలో కార్బురేటర్ సులువే గానీ దాని దగ్గరికి చేరడమే కష్టం, సీటు, కింది డబ్బా, పక్క ప్లాస్టిక్‌లు అన్నీ తీయాలి, క్లిప్పులు విరుగుతాయి. మిగిలే మూడు నాలుగు వందల కోసం ప్యానెల్ విరగ్గొట్టుకోవడం ఏం లెక్క? పాత మారుతి 800 లాంటి కార్ల కార్బురేటర్‌లో వాక్యూమ్ పైపులు, లింకులు చాలా ఉంటాయి, దాని జోలికి అసలు పోవద్దని నా మాట.

ఇక మెకానిక్ విషయం. మీ పాఠకులాయన మెకానిక్‌లంటే మోసగాళ్లన్నట్టు రాశారు, అది నాకు నచ్చలేదు. కార్బురేటర్ గొంతు వినే చెప్పగలిగే మెకానిక్‌లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకప్పుడు మన శివార్లలో మరైమలై నగర్‌లోనే యుకాల్ వాళ్లు జపాన్ మికుని సాంకేతికతతో కార్బురేటర్లు తయారుచేసేవారు. ఆ పనితనం చూసిన చేతులు అక్కడక్కడా చెట్టు కింద షాపుల్లో ఉన్నాయి. కాకపోతే అందరూ ఒకలా పనిచేయరు. నేనైతే బండి ఇచ్చేముందు రెండు విషయాలు అడుగుతాను. జెట్లు తీసి ఊదుతారా, లేక గిన్నె మాత్రం తీసి తుడుస్తారా? క్లీనింగ్ అని కొందరు బయట తుడిచి, స్లో స్క్రూ కాస్త పెంచి ఇచ్చేస్తారు, రెండు రోజులు బండి బాగానే నిలబడుతుంది. రెండోది, ప్యాకింగ్, ఓ-రింగ్ కొత్తవి వేస్తారా, ఆ ఖర్చు కలిపే చెబుతున్నారా? కూలి, సామాను విడివిడిగా చెప్పమనండి, అందులో మొహమాటం ఏమీ లేదు. వీలైతే దగ్గర నిలబడి చూడండి. పనిలో నిజాయితీ ఉన్నవాడు ఏమీ అనుకోడు, పైగా తీసిన మురికి చూపించి మరీ చెబుతాడు.

సామాను మీరే కొనాలనుకుంటే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతాయి. పుదుపేటలో పాతవి దొరుకుతాయి గానీ జెట్లు, నీడిల్ వాల్వులు మాత్రం పాతవి కొనకండి, అరుగుదల కంటికి కనిపించదు. కార్బురేటర్ మీద ఉండే నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. "స్ప్లెండర్‌ది ఇవ్వండి" అంటే ఏ సంవత్సరం బండి అని అడుగుతారు, ఒకే పేరు బండికి మోడల్‌ని బట్టి జెట్ మారుతుంది.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కడ కూర్చుని చేస్తారన్నది నాకు అన్నిటికంటే టెన్షన్. మన అపార్ట్‌మెంట్లలో కింద పార్కింగ్‌లోనే నీళ్ల మోటార్ స్టార్టర్, కరెంటు మీటర్ల బోర్డు ఉంటాయి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, పైకి పోదు, నేల మీద పాకుతూ వెళ్తుంది. మీరు ఇక్కడ గిన్నె విప్పి కూర్చుంటారు, పైన ఎవరో నీళ్ల ట్యాంకు నిండలేదని మోటార్ స్విచ్ వేస్తారు. ఆ చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి బండిని ఆరుబయటికి తోసుకుపోయి చేయండి, చేతికందే దూరంలో ఒక బకెట్ ఇసుక పెట్టుకోండి. వాడిన పెట్రోలు కాలవలో పోయకండి, మూత ఉన్న డబ్బాలో పట్టి మెకానిక్‌కి ఇస్తే సామాన్లు కడగడానికి తీసుకుంటారు. అలాంటి ఆరుబయట చోటు లేనివాళ్లు, బండి ఎంత సులువైనదైనా సరే, మెకానిక్‌కే ఇవ్వండి.

చివరగా మీ పత్రికకి ఒక విన్నపం. బండ్ల గురించి రాసేటప్పుడు ఇళ్లల్లో, షాపుల్లో ఉండే చిన్న పెట్రోలు జనరేటర్ల గురించి కూడా రాయండి. వాటికీ కార్బురేటరే. 2016 డిసెంబరులో వర్ధా తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా చుట్టుపక్కల చాలా జనరేటర్లు తాడు లాగి లాగి చేతులు నొప్పి పుట్టాయే గానీ లేవలేదు, కిందటేడు పోసిన పెట్రోలు అందులోనే ఉండిపోయింది మరి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. సెప్టెంబరు చివర్లో మీ జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు వేసి, జనరేటర్ ట్యాంకూ గిన్నే ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోసి ఒకసారి ఆరుబయట నడిపి చూసుకోండి, ఇంటి లోపల మాత్రం నడపొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది అని వేస్తే చాలు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
అయనావరం, చెన్నై